పేగులు పారబోసిన చోట

పడవ నడిపే సరంగు చనిపోయిన రోజున రేవులో బ్యాండు ఆగలేదు. డబ్బున్న బాబులు సరదాకి సొరచేపల్ని పట్టే పోటీ అది. గాలానికి పడ్డ సొర ఫోటో దిగేదాకా బతికుండాలని పోటీ నడిపే కాంట్రాక్టరు తాడు కోయనివ్వలేదు. ఆ తాడే సరంగు కాలికి చుట్టుకుని అతన్ని నీళ్లలోకి లాగేసింది. కడుపులో పిల్లలున్న సొరను తూకం వేసి, ఫోటోలు తీసుకుని, కుళ్లాక సముద్రంలో పడేశారు.

మళ్లీ పోటీ దగ్గరపడింది. బాబులకు పడవలు నడపకూడదని, సొరల చోటు చూపకూడదని వలల షెడ్డులో అందరూ ఒట్టేసుకున్నారు. అయినా చోటు వెతికే కాంట్రాక్టరు లాంచీ రోజూ నేరుగా సొరల దగ్గరికే పోతోంది.

ఎవడో చెబుతున్నాడు. రేవంతా ఒకరినొకరు ఓరగా చూసుకోసాగారు. సరంగు భార్య వల అల్లుతూనే ఒక్కొక్కరి మొహం చదివేది. కొత్త బూట్లతో తిరుగుతున్న మరిది మీద ఆమె కన్ను పడింది. మీటింగులో అడిగేసింది.

"మరిదీ, ఆ బూట్లెవరు కొనిచ్చారు?"

"మా మామ. అన్నని మింగినోడి దగ్గర చెయ్యి చాపుతానా వదినా?"

"మీ మామ పిల్లికి బిచ్చం పెట్టడు, నీకు బూట్లు పెట్టాడా?" అన్నాడు ఐసు బండివాడు.

"నువ్వు నోర్ముయ్! లాంచీకి రోజూ ఐసు మోసేదెవడు?"

చొక్కాలు పట్టుకున్నారు. షెడ్డు రెండుగా చీలింది.

మర్నాడు ఆమె మరిది పడవెక్కింది, అతని మీద కన్నేసి ఉంచడానికే. తిరిగొచ్చేటప్పుడు అలవాటుగా రేవు మలుపు దగ్గర చేపలు కోసి, పేగులు నీళ్లలో పారబోశారు. సముద్రపు పిట్టలు మూగాయి. వాటి కింద సొరల రెక్కలు తేలాయి. దూరంగా ఉన్న లాంచీ ఆ పిట్టల్ని చూసి ఇటు తిరిగింది.

ఆమె ఖాళీ బుట్ట మరిది ముందుకు జరిపింది.

"పేగులు ఇందులో వెయ్యి. ఇక ఒడ్డుకే మోద్దాం. ఎవడూ చెప్పలేదు. మనమే పిలిచి చూపిస్తున్నాం."

పోటీ రోజున అన్ని పడవల పేగుల బుట్టలూ కాంట్రాక్టరు లాంచీలెక్కే వంతెన మీదికి చేరాయి. పడవలన్నీ రేవు ముఖానికి అడ్డంగా నిలిచాయి. బాబులు ముక్కులు మూసుకున్నారు.

"సొరల కోసం కూడు పోగొట్టుకుంటారా?" కాంట్రాక్టరు అరిచాడు.

"నీ ఫోటోకి సొరా చావదు, మా మనిషీ చావడు!" అందామె. రేవంతా ఆ మాటే అందుకుంది.

కాంట్రాక్టరు పిలిచిన పోలీసులు మరిదినీ ఐసు బండివాణ్ణీ ఒకే వ్యానులోకి తోశారు.

"కాస్త జరుగు బావా," అన్నాడు ఐసు బండివాడు.

ఆడవాళ్లు వ్యాను ముందు కూర్చున్నారు. ఆ రోజుకి పోటీ ఆగింది. దాన్ని నిషేధించడం ఇంకా మిగిలే ఉంది.