గోడ మీద వెచ్చని చోటు

యగ్నోబు లోయలో ఆ ఊరి పైనున్న కొండ తాతల నాటి నుంచీ లోలోపల కాలుతూనే ఉంది. బొగ్గు అంటుకుందట, ఎవరు అంటించారో కొండకే తెలియాలి. పొగ పైకొచ్చే పగులు మీద రాళ్ళతో గది కట్టి తలుపు మూస్తారు. పొగలోని నవసాగరం, గిన్నెలకు కళాయి వేసేటప్పుడు చల్లే ఉప్పు, చల్లని గోడ తగిలిన చోట తెల్లగా పేరుకుంటుంది. వేడి రాతి మీద మాత్రం చిటికెడు కూడా నిలవదు. ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

పోయినేడు ఆప్రికాట్లు ఎండబెట్టే రోజుల్లో సఫర్మో మొగుడు ఒదీనా తడి కంబళి కప్పుకుని గోడ గోకడానికి వెళ్ళాడు. కంబళి దొరికింది గానీ మనిషి దొరకలేదు. పగుల్లోకి జారిపోయాడన్నారు. ఏడాది నిండితే ఆమె మరిది నజ్రీని చేసుకోవాలని పెద్దలు తేల్చారు. నజ్రీ మంచివాడే. కాదనడానికి వంక కూడా లేకపోయింది.

కానీ నెల రోజులుగా ఆ గదిలో గోడంతా తెల్లగా పూస్తోంది, మధ్యలో మనిషంత మేర తప్ప. తల, భుజాలు, ఎడమ పక్కకు కాస్త ఒరిగిన నడుము. ఒదీనా అలాగే గోడకు ఆనుకుని నిలబడేవాడు. సఫర్మో అక్కడ చెయ్యి పెట్టి చూసింది. జ్వరం వచ్చిన వీపులా వెచ్చగా ఉంది.

రొట్టెలు కాలుస్తున్న అత్తగారికి ఆ సంగతి చెప్పింది.

“లోపల నిప్పు పక్కకు తిరిగుంటుందే పిల్లా. నా కొడుకైతే ఇన్నాళ్ళు ఒక్కచోట నిలబడతాడా? కుదురుగా ఉండే మొహమా వాడిది?”

అలా అందే గానీ, ఆవిడే మర్నాడు వెళ్ళి ఆ చోట చెంప ఆనించి వచ్చింది. ఆ పూట రొట్టెలన్నీ మాడిపోయాయి.

ఏడాది నిండింది. పెద్దలు వచ్చి కూర్చున్నారు. గోడ వెచ్చగా ఉందంటే పిచ్చిదంటారు. ఊరుకుంటే, బతికున్న మొగుణ్ణి వదిలేసినట్టే. చివరికి సఫర్మో మీ ఇష్టమని తల వంచింది.

మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే గోడ మీద ఖాళీ లేదు. మనిషంత మేరా పూసింది, మిగతా గోడకు రెండింతలు మందంగా. రాయి మంచులా చల్లగా తగిలింది. నిన్నటి దాకా ఉన్నాడు, నా మాటకే చల్లారిపోయాడు అనుకుని ఆమె అక్కడే కూలబడింది. వెనకే వచ్చిన నజ్రీ, పాపం, ఏమీ తెలియక, పంట బాగుందని మురిసి అంతా గోకి సంచిలోకి ఎత్తాడు.

పెళ్ళి పులావుకని రాగి గుండిగకు కళాయి వేయించారు. కళాయి అతను గుండిగను బాగా కాల్చి, ఆ సంచిలోంచే గుప్పెడు తీసి చల్లాడు. తెల్లని పొగ లేచింది. ఆడవాళ్ళు దగ్గుతూ, నవ్వుతూ వెనక్కి జరిగారు. పొగ ఎవరి మీదా వాలలేదు. వాకిట్లో కూర్చున్న పెళ్ళికూతురి దాకా వచ్చి ఆగింది.

అత్తగారు సఫర్మో చేతులు పట్టుకుని చప్పున వదిలేసింది. అవి ఆ గోడంత చల్లగా ఉన్నాయి. వాటి మీద తెల్లగా పేరుకుంటోంది.

“తుడుచుకోవే,” అంది అత్తగారు.

“ఉండనీ అత్తయ్యా,” అంది సఫర్మో. “చల్లగా ఉన్న చోటికే కదా వస్తాడు.”