ఓడ కడిగిన నీళ్లు

ఫ్రాన్సులోని ఆంటీబ్ రేవులో ఆ విలాసనౌక కట్టిన తాడు విప్పక మూడు నెలలైంది. అయినా రోజూ పొద్దున్నే దానికి తలంటే. ఉప్పుగాలికి తెల్లరంగు మీద మచ్చలు పడతాయట. యజమాని వచ్చేసరికి మచ్చ కనబడకూడదు. ఆయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. వాడేది మామూలు నీళ్లు కూడా కాదు, సున్నం తీసేసిన మంచినీళ్లు. ఒక్క పూట కడిగే నీళ్లు ఒదెట్ తోటకి వారం రోజులు వస్తాయి.

ఒదెట్‌ది ఊరి పైన గుట్ట మీద గులాబీ తోట. కరువని అధికారులు తోటలకు నీళ్లాపి పంతొమ్మిది రోజులైంది. బోరు బురద కక్కి ఊరుకుంది. గాజు పందిరి కింద నాలుగు వందల తల్లి మొక్కలున్నాయి, తాత చేత్తో అంటుకట్టినవి. తోటలో ప్రతి పువ్వూ వాటి సంతానమే. ఆ ఉదయం ఒక కాండాన్ని గోరుతో గీకి చూస్తే లోపల పచ్చదనం దారమంత మిగిలింది. ఇవాళ తడపకపోతే ఇక లేనట్టే.

మరి రేవుకి కరువు లేదా అంటే, రేవు వేరే ఆఫీసు కిందికొస్తుందట. నీళ్లాపమన్న కాగితం ఇంకా అక్కడిదాకా రాలేదట! ఒదెట్ కడుపు మండిపోయింది. వ్యానులో పెద్ద ట్యాంకూ బకెట్లూ వేసుకుని రేవుకొచ్చింది.

ఓడ మీద కూతురు మగలీ తెల్ల యూనిఫాంలో, వట్టి కాళ్లతో డెక్కు తోముతోంది.

"ఒసేయ్ మగలీ! ఆ గొట్టం ఇటు పడెయ్యవే. పావుగంట చాలు."

మగలీ పై అంతస్తు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "ఇక్కడికెందుకొచ్చావే అమ్మా? పైన కెప్టెన్ ఉన్నాడు. మొన్న మా పనివాడొకడు టాక్సీవాడికి కారు కడుక్కోడానికి నీళ్లిచ్చాడని సాయంత్రానికల్లా పెట్టె సర్దించారు. ఇక్కడ తరిమేస్తే రేవులో ఇంకెవరూ ఎక్కనివ్వరు."

"మొక్కలు చచ్చిపోతున్నాయే!"

"తెలుసమ్మా." మగలీ తల దించుకుని మళ్లీ తోమసాగింది.

ఒదెట్ ఇక బతిమాలలేదు. ఓడ వెనక తూములోంచి కడిగిన నీళ్లు సముద్రంలోకి పోతున్నాయి. గట్టు అంచున బోర్లా పడుకుని, చెయ్యి చాచి బకెట్ పట్టింది. నురగ ఉంటే ఉండనీ.

"ఏం ఒదెట్, చేపలేమైనా పడ్డాయా?" పక్క ఓడ మెకానిక్ నవ్వాడు.

"పడితే నీకు పులుసు పంపిస్తాలే, నోర్ముయ్!"

తొమ్మిది బకెట్లు ట్యాంకులో పోసింది. ముప్పై మొక్కలు గట్టెక్కుతాయి. పదోది పడుతుంటే పైనుంచి కెప్టెన్ కేకేశాడు. "ఎవరా ముసలావిడ? పదకొండింటికి అయ్యగారి అతిథులొస్తున్నారు. పంపించెయ్!"

మగలీ మెట్లు దిగి వచ్చింది. కెప్టెన్ పైనుంచి చూస్తున్నాడు.

"మేడమ్, ఇక్కడ ఉండకూడదండి. దయచేసి వెళ్లండి."

ఏ మేడమో అని ఒదెట్ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"మిమ్మల్నే, మేడమ్," అంది మగలీ.

ఒదెట్ లేచి బట్టలు దులుపుకుంది. కూతురు ముఖంలోకి చూడడానికి ధైర్యం చాలలేదు.

"అలాగేనండీ," అంది.

బకెట్లు వ్యానులో పెట్టుకుంది. నాలుగు వందల్లో ఏ ముప్పైకి నీళ్లు పొయ్యాలో తేల్చుకోవడానికి గుట్టెక్కింది.