చిన్న బెర్తు కొలత

షెడ్డు తలుపు సందులోంచి పొద్దుటి ఎండ. ఆ ఎండలో రంపపు పొట్టు.

తేలుతూ… దిగుతూ… ఎక్కడా వాలకుండా.

మళ్లీ మొదలుపెట్టాడు మా ఆయన.

రెండేళ్లుగా టార్పాలిన్ పట్టా కప్పుకుని పడి ఉన్న ట్రక్కు. ఒకప్పుడు కూరగాయలు మోసిన పాత బండి. ఆ ఉదయం పట్టా తీసి, దులిపి, నాలుగు మడతలు వేసి పక్కన పెట్టాడు. నాతో ఒక్క మాట అనలేదు. చెబితే వద్దంటానని తెలుసు.

మా ఆయన వడ్రంగి. నేను సీటు కవర్లు కుడతాను. ఆయనది కర్ర, నాది గుడ్డ — మధ్యలో ఒక పిల్ల ఉండేది. పిచ్చుక అని పిలిచేవాళ్లం. తిండీ అంతే తినేది.

ఆ పిల్లకు మ్యాపులంటే పిచ్చి. ఒకసారి గోడ మీది మ్యాపులో కొండల మధ్య వేలు పెట్టి, ఇక్కడ గీత ఆగిపోయిందేంటి నాన్నా, దారి అయిపోయాక ఏముంటుంది, అని అడిగింది.

ఏమో, వెళ్లి చూద్దాం, అన్నాడు ఆయన.

అంతే. ఇంట్లో ఊడిన గడియ బిగించడానికి మూడేళ్లు తీసుకున్న మనిషి, వారం తిరక్కుండా ట్రక్కు కొనేశాడు. తారు రోడ్డు, తర్వాత మట్టి రోడ్డు, తర్వాత ఏ రోడ్డూ లేని చోటు. అక్కడ ఈ ట్రక్కులోనే వండుకుని, ఈ ట్రక్కులోనే పడుకుందాం అన్నాడు. నేను ఫోము కోశాను. మా ఇద్దరికీ పెద్ద పరుపు, పిల్లకు చిన్న పరుపు. చిన్నదానికి పసుపు గుడ్డ. పిచ్చుకే ఏరుకుంది.

తర్వాత జ్వరం వచ్చింది. మూడు రోజులు.

నాలుగో రోజు పిచ్చుక లేదు.

ఏడేళ్లు దానికి. ట్రక్కు మీద పట్టా పడింది… మా మీద కూడా.

ఇప్పుడు మళ్లీ రంపం చప్పుడు. మిషను తొక్కుతూ వినేదాన్ని. నీళ్ల ట్యాంకు బిగించాడు. వెనక తలుపుకి స్టవ్వు బల్ల అమర్చాడు — దించితే బల్ల, ఎత్తితే తలుపు. గతుకుల్లో సొరుగులు తెరుచుకోకుండా ఒక్కోదానికీ రెండేసి గొళ్లేలు. పార, తాడు, గాలి పంపు… అన్నిటికీ ఎక్కడివక్కడ చోటు. ఇన్ని హంగులా, ఈ బండికి గాని పెళ్లి చేస్తున్నారా, అన్నాను. నవ్వాడు.

రెండేళ్లలో అదే మొదటి నవ్వు. నాకూ కాస్త ఊపిరాడింది.

వెళ్దామనిపించింది. నిజం. ఈ గోడల మధ్య నుంచి, ఇద్దరం తలలు వంచుకుని తినే ఈ భోజనాల నుంచి… దారి లేని చోటికైనా సరే.

అప్పుడు చూశాను.

పెద్ద బెర్తుకి అడ్డంగా, కిటికీ కింద — చిన్న బెర్తు.

అది ఉంటే నేను రాను, అన్నాను.

ఆయన బెర్తు మీది పొట్టు చేత్తో తుడిచాడు. నీళ్ల డబ్బాలు పెట్టుకుందాంలే, అన్నాడు. నీళ్ల డబ్బాలకు అంచులు గుండ్రంగా చెక్కుతారా ఎవరైనా? నిద్రలో దొర్లి పడకుండా అడ్డు చెక్క కడతారా?

పది రోజులు గడిచాయి. ఆయన ఆ బెర్తు పీకలేదు. నేను షెడ్డు వైపు వెళ్లలేదు. ఒక్కడే వెళ్లిపోతాడేమో అనిపించేది. వెళ్తే అక్కడే ఉండిపోతాడేమో అని కూడా… ఆ భయం ఎవరితో చెప్పుకోను?

ఒక మధ్యాహ్నం ఆయన టైర్ల కోసం బయటికి వెళ్లాడు. నేను అటక ఎక్కాను. ఎందుకో తెలియదు. తెలుసు… ఒప్పుకోవడమే ఇష్టం లేదు. పసుపు పరుపు దించాను. దుమ్ము దులిపాను. ట్రక్కు ఎక్కి, చిన్న బెర్తు మీద పరిచాను.

సరిపోలేదు.

కాళ్ల వైపు ఖాళీ. మెడలోని టేపు తీసి పెట్టి చూశాను. అయిదు అంగుళాలు.

పనిలో వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి. చెప్పకూడదు గాని, నాకు కసిగా సంతోషం వేసింది. పిల్ల పొడుగే మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. తలుపు దగ్గర నిలబెట్టి కొలిచిన పిల్ల. నలభై ఎనిమిది అంగుళాలు, పైన దిండుకి ఒక జానెడు — అలా కోశాను ఆ పరుపు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఆయన రాగానే ట్రక్కు ఎక్కించి చూపించాను. కొలత తప్పారు, అన్నాను. కన్నబిడ్డ కొలత తప్పారు, అని కూడా అన్నాను.

ఆయన ఖాళీ వైపు చూశాడు. పసుపు గుడ్డ వైపు చూశాడు. ఇన్నాళ్లూ అది ఇంట్లోనే ఉందని ఆయనకు తెలియదు.

"తప్పలేదు," అన్నాడు. "ఈపాటికి ఇంత ఉండేది కదా."

ఇంత, అని చెయ్యి చాపాడు. అరచెయ్యి నేల వైపు. తన గుండె ఎత్తున.

నేను ఏడేళ్ల దగ్గరే ఆగిపోయాను. గౌన్లు మడత పెట్టి, పరుపు అటకెక్కించి, అక్కడే కూలబడ్డాను. ఆయన ఆగలేదు. ఏ పుట్టినరోజుకా పుట్టినరోజు లెక్కన, ఎవరికీ చెప్పకుండా, పిల్లను పెంచుతూ వచ్చాడు. పాలపళ్లు ఊడగొట్టాడు. జడ పొడుగు చేశాడు. తొమ్మిదేళ్లకు తెచ్చాడు.

ఒక్కడే. నన్ను పిలవకుండా.

నా మొహంలో ఏం చూశాడో మరి. "కోసేస్తానులే. నువ్వు రా, నాకది చాలు," అని రంపం అందుకున్నాడు. నా పరుపు ఎక్కడ అయిపోయిందో అక్కడ పెన్సిలుతో గీత గీశాడు. గీత మీద రంపం ఆనించాడు. ఒకే ఒక్కసారి లాగాడు.

ఆ చప్పుడు నా ఒంట్లో వినిపించింది.

"కొయ్యకండి."

ఆగాడు. రంపం చెక్కలోనే ఉండిపోయింది.

ప్రయాణం మాట ఇద్దరం ఎత్తలేదు. పిల్ల ఎంత ఉండేదో ఇంకోసారి చూపించమన్నాను. చూపించాడు. నేను వంగి, టేపు కొస కాలితో తొక్కి పట్టి, మెల్లగా ఆయన అరచేతి దాకా లాగాను.

యాభై మూడు.

ఆయన చెయ్యి దించలేదు. నేను టేపు వదల్లేదు.

ఆ చేతి కింద, కిటికీ ఎండలో, పొట్టు… తేలుతూ… దిగుతూ…