లోపలి అడ్రసు

తిరుత్తణి నుంచి వచ్చే రైల్లో దేవేంద్రన్ నిలబడే ఫోను చదువుతున్నాడు. ఆఫీసులో సత్యప్రియ రాసే జావాస్క్రిప్టు ప్రోగ్రామును ఒకసారి చూసి సరేననడం అతని పొద్దుటి పని. పలచబడ్డ జుట్టు, ఒక పక్కకు ఒరిగిన భుజం, చొక్కా జేబులో మడిచిన చేతిగుడ్డ. తండ్రి మగ్గం నేసేవాడు. కొడుకు తిరువళ్ళూరులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో వయసు గడిపాడు.

చిన్నప్పటినుంచీ అతని చూపు పక్క విస్తరి మీదే. తన ఆకులో వడ కన్నా పక్కవాడి వడ పెద్దదిగా కనిపించేది. తాళి కట్టేటప్పుడు కూడా తోడల్లుడి ఉంగరం వంకే చూశాడని భార్య వనజాక్షి ఇప్పటికీ నవ్వుతుంది.

సత్యప్రియ అతని కన్నా చాలా చిన్నది. చేరిన కొత్తలోనే, అతను రాసిన చీరల ఆర్డర్ల పేజీ తెల్లగా ఎందుకు నిలిచిపోతున్నదో కనిపెట్టింది. ఆర్డరు లోపల కొనేవారు, వారి లోపల అడ్రసు, అడ్రసు లోపల డోర్ నంబరు. అడ్రసే ఇవ్వనివారి దగ్గర కూడా అతని ప్రోగ్రాము డోర్ నంబరు కోసం వెతికి ఆగిపోయేది. ప్రోగ్రాములో అడ్రసుకూ డోర్ నంబరుకూ మధ్య ఉండే చుక్కకు ముందు ఆమె ఒక ప్రశ్నార్థకం పెట్టింది. అడ్రసు లేకపోతే లేదనుకుని పేజీ ముందుకు నడిచింది. అంత చిన్న గుర్తు తనకెందుకు తట్టలేదని అతను ఎన్నాళ్ళో కుమిలాడు. టీమ్ లీడ్ అన్న పేరూ, కిటికీ పక్క ఎత్తు కుర్చీ రెండూ ఆమెకే పోయాయి.

కడంబత్తూరు దాటగానే అతని వేలు తెర మీద ఆగింది. పాత ఆర్డరుకు నకలు తీసి అడ్రసు మార్చేచోట ఆమె పైపొరకే నకలు తీసింది. లోపలి అడ్రసు రెండింటికీ ఒక్కటే. నకల్లో మారిస్తే అసలులోనూ మారిపోతుంది.

చెప్పవచ్చు. చెప్పలేదు. సరే అని నొక్కి ఫోను జేబులో వేసుకున్నాడు. చాలా రోజుల తర్వాత హాయిగా ఆకలి వేసింది.

మధ్యాహ్నం, ఆ పేజీ చేయించుకుంటున్న చీరల వ్యాపారి కన్యకాంబ వచ్చింది. సత్యప్రియ ఆమె ముందు ఆవడి ఊరికి వెళ్ళాల్సిన ఒక ఆర్డరుకు నకలు తీసి, కొత్తదానికి ఊత్తుకోట అడ్రసు పెట్టింది. కన్యకాంబ కళ్ళజోడు సర్దుకుంది.

"ఏమ్మా, ఆవడికి పోవాల్సింది గూడా ఊత్తుకోటకే పోతాదా? అది పెండ్లి చీర. ఆడ పెండ్లికూతురు కాసుకోని ఉంటే?"

సత్యప్రియ పాత ఆర్డరు తెరిచింది; అందులోనూ ఊత్తుకోటే ఉంది.

"యాడ తప్పైందమ్మా?" అన్నాడు యజమాని గోవిందరాజు.

"పైన మాత్రం నకలు తీసినాది సార్. లోపల అడ్రసుకు తీయలే," దేవేంద్రన్ వెంటనే అందుకున్నాడు.

సత్యప్రియ అతని వైపు తిరిగింది. "అన్నా, పొద్దున నువ్వే గదా సరే అన్నావు. అప్పుడే తెలుసునా నీకు?"

ఆ గొంతులో కోపం లేదు.

"రైల్లో... సరిగ్గా చూడలే," అన్నాడు అతను. గోవిందరాజు అతని ముఖంలోకి చూశాడు.

ఆమె కొనేవారికీ, అడ్రసుకూ, పొర పొరకూ వేరే నకలు తీసింది. ఈసారి ఆవడి ఆవడిగానే ఉంది. కన్యకాంబ "ఇప్పుడు సరి" అని లేచింది.

సాయంత్రం సత్యప్రియ సంచీ భుజాన వేసుకుని అతని బల్ల దగ్గరికి వచ్చింది.

"ఈరోజుతో నాకు ఆఖరన్నా. బెంగళూర్లో పని దొరికినాది. సార్‌కు మాత్రం ముందే చెప్పినా. నా జాగా నీకే ఇయ్యమని చెప్పినా."

"బెంగళూరా?" అన్నాడు.

ఆమె మెట్లు దిగిపోయింది. అతనికి ముందు కలిగింది సిగ్గు కాదు; ఆమె చూడబోయే ఆ పెద్ద ఊరి మీద, ఎత్తయిన ఆఫీసు మీద ఈర్ష్య. సిగ్గు తర్వాత, నెమ్మదిగా వచ్చింది.

అందరూ వెళ్ళాక కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ళు చాపబోతే బల్ల కింద వేళ్ళకు ఏదో తగిలింది. వంగి చూశాడు. ఆ ఎత్తు కుర్చీలో పొట్టిగా ఉండే సత్యప్రియ పాదాలు నేలకు అందేవి కావు. పాత చీర ముక్కలో చుట్టి దారంతో కట్టిన రెండు ఇటుకలు, పాదాలు ఆనిన చోట రంగు వెలిసి, పక్కపక్కనే ఉన్నాయి.