చిన్న పడవల రేవు

ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కార్యాలయంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ మాటకు అర్థం రాసినా, అచ్చుకు పంపేముందు ఆ మాట ఎరగని మనిషికి చదివి వినిపించాలి. వాళ్ళడిగిన దానికి జవాబు లేకపోతే తిరగరాయాలి. భార్య ఉన్నన్నాళ్ళూ సంపాదకుడికి ఆ మనిషి ఆవిడే. ఇప్పుడు చెల్లెలు.

మొగుడి దెబ్బలు తాళలేక ఆమె అన్న ఇంటికి వచ్చి నెల దాటింది. రోజూ అడక్కుండానే అతని కళ్ళజోడు తుడిచి బల్లమీద పెడుతుంది. ఇవాళ పొద్దున ఆ కళ్ళజోడే పెట్టుకుని అతను బావకు ఫోన్ చేశాడు. "వచ్చి తీసుకెళ్ళు బావా. ఇరుగుపొరుగు ఏమనుకుంటారు?" అప్పటినుంచీ తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

"ఏంటన్నయ్యా ఇవాళ్టి మాట? నాకు నోరు తిరిగేదేనా?"

"హైద్. పాత ఇంగ్లీషు మాట. విను. 'ఏటి ఒడ్డునో, సముద్రపు మలుపులోనో చిన్న పడవలు తలదాచుకునే రేవు. నేటి వాడుకలో లేదు. కొన్ని ఊళ్ళ పేర్లలో మిగిలింది.'"

ఆమె బఠానీలు ఒలుస్తూ వింది.

"పెద్ద ఓడలు రావా?"

"లోతు చాలదు."

"అయితే మనలాంటి వాళ్ళకేనన్నమాట!" నవ్వింది. "సరేగానీ, వచ్చిన పడవని ఎన్నాళ్ళు ఉండనిస్తారు?"

అతను గాలివాన తగ్గేదాకా అనబోయాడు. తగ్గిందని తేల్చేదెవరు, రేవా, పడవా?

"అది రాయలేదే."

"వదినైతే చివాట్లు పెట్టేది."

ఇంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో బావ.

"రమ్మన్నారుగా, వచ్చాను. పెట్టె సర్దుకుందా?"

చెల్లెలు మొగుడి వైపు చూడలేదు. అన్న వైపే చూసింది.

అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "నేనే పిలిచాను, తప్పు చేశాను. అది రాదు."

"పొద్దున రమ్మని, ఇప్పుడు పొమ్మంటారా? నేనేమన్నా మీ చేతిలో బొంగరాన్నా?"

"నన్నెంతైనా తిట్టు, పడతాను. లోపలికి మాత్రం రానివ్వను."

బావ వీధి చివరిదాకా తిడుతూనే పోయాడు. తలుపు గడియ వేసి తిరిగేసరికి చెల్లెలు గదిలో మంచం అంచున కూర్చుని ఉంది.

"వెళ్ళిపోతావా అమ్మా?"

"ఎక్కడికని పోను అన్నయ్యా?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననుకుంటూ అతను అక్కడే, ఆ గది గడప దాటకుండా, నిలబడిపోయాడు.