మింగేసిన మాటలు

మా హైస్కూల్లో ఒక్కో బెంచీది ఒక్కో భాష. పని వెతుక్కుంటూ నలుమూలల నుంచీ వచ్చినవాళ్ళ పిల్లలమే అందరం. బడి భాష రాని తల్లిదండ్రులు మీటింగుకి వస్తే, రెండు భాషలూ తెలిసిన పిల్లలు పక్కన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పాలి. ఎవరి అమ్మానాన్నలకి వాళ్ళు చెప్పకూడదు, ఆ సమయానికి లోపలికే రాకూడదు. మార్కులు తారుమారు చేసేస్తారని హెడ్మాస్టరు పెట్టిన నియమం అది.

తొమ్మిదో తరగతిలో ఆ పనికి నాకు మంచి పేరుండేది. పల్లెటూరి బడి నుంచి వచ్చిన కొత్తలో ఏడాది పాటు నోరు విప్పని దాన్ని. వింటూ వింటూ నేర్చుకున్నాను. "ఇది చెబితే టకటకా అయిపోతుంది" అని లెక్కల మేడమ్ ఒకసారి అనడంతో క్లాసంతా నన్ను టకటక అనడం మొదలుపెట్టింది. పైకి విసుక్కునేదాన్ని గానీ, ఆ పేరంటే లోపల పొంగిపోయేదాన్ని.

ఒక శనివారం మీటింగుకి పిచ్చుక వాళ్ళ నాన్న వచ్చాడు. పిచ్చుక మా క్లాసే, అదీ క్లాసు పెట్టిన పేరే. మా ఇద్దరిదీ ఇంట్లో ఒకటే భాష. వాళ్ళ నాన్న టైల్స్ మేస్త్రీ. గోళ్ళ చుట్టూ తెల్ల సిమెంటు పట్టేసి ఉంది. పిల్లలు కూర్చునే కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. బయట వరండాలో ఇంకా పదిహేనుమంది ఉన్నారు.

"లెక్కల్లో పదకొండు వచ్చాయి. సైన్సు సెక్షన్లో ఇక నెగ్గుకురాలేదు. కుట్టుపని సెక్షనుకి మారుద్దామనుకుంటున్నాం. సరేనా అని అడుగు," అంది లెక్కల మేడమ్.

అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడాడు. భార్యకి ఆపరేషనైతే పిల్ల రెండు నెలలు ఇల్లు కదల్లేదట. "లెక్క రాక కాదు తల్లీ, ప్రశ్న అర్థం కాక. గది కొలతలు చెబితే ఎన్ని పలకలు పడతాయో, ఎన్ని కోసుకోవాలో నాకు నోటితో చెబుతుంది. నర్సు చదవాలని దాని ఆశ. సైన్సు లేకపోతే ఎట్లా? అర్ధసంవత్సర పరీక్షల దాకా ఆగమని చెప్పు."

మేడమ్ గడియారం చూసుకుంది. "ఏమంటాడు?"

ఎలాగూ మార్చేస్తారు కదా అనుకున్నాను. ఇదంతా చెబుతూ కూర్చుంటే నా పేరు ఏం కావాలి అని కూడా అనుకున్నాను.

"సరేనంటున్నారు మేడమ్."

మేడమ్ కాగితం ఆయన ముందుకి జరిపింది. ఆయన నా మొహంలోకి చూశాడు. "అంతా చెప్పావా తల్లీ?"

"చెప్పాను బాబాయ్. కుదరదంటున్నారు."

కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు.

సోమవారం పిచ్చుక కుట్టుపని గదికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కుళాయి దగ్గర నా భుజం మీద చెయ్యేసింది. "మా నాన్న అంత బతిమాలినా కరగలేదంటగా! రాతిగుండె మేడమ్. నువ్వు మాత్రం ఎంతో ఓపిగ్గా చెప్పావని ఇంటికొచ్చి ఒకటే మెచ్చుకోవడం." నేను గబుక్కున కుళాయి కింద మొహం పెడితే, "ఏమే, నీళ్ళు ముక్కులోకి పోయాయా?" అని నవ్వింది.

ఆ చెయ్యి తీసేశాక కూడా నా భుజం బరువుగానే ఉంది. సాయంత్రం మేస్త్రీ పనిచేస్తున్న కొత్త మేడకి వెళ్ళాను. మూడో అంతస్తు స్నానాలగదిలో మోకాళ్ళ మీద కూర్చుని పలకల సందుల్లో సిమెంటు నింపుతున్నాడు.

"ఇంతదూరం వచ్చావేంటమ్మా? అక్కడే ఉండు, నేల పచ్చిగా ఉంది."

గుమ్మం బయటే నిలబడి శనివారం నేను చేసింది చెప్పాను. ఆయన తిట్టలేదు. ఒక పలకని తడిగుడ్డతో తుడిచి, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు.

"అయితే కుదరదని ఆవిడ అనలేదన్నమాట."

"అనలేదు."

"రెండు రోజుల్నుంచీ ఆవిణ్ణి నానా మాటలూ తిట్టుకుంటున్నాను," అన్నాడు. "రేపు పొద్దున్నే వస్తాం. నువ్వే చెప్పాలి."

"ఇంకెవరినైనా..."

"మన మాట అక్కడ ఇంకెవరికొచ్చు?"

మర్నాడు గంట కొట్టకముందే టీచర్ల గదిలో నలుగురం ఉన్నాం. ఇది మీటింగు కాదు కాబట్టి ఈసారి పిచ్చుకని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఒక్కో మాట చెప్పి ఆయన ఆగాడు. ఒక్కోటీ నేను చెప్పాను. ఆపరేషను, రెండు నెలలు, పలకలు, నర్సు చదువు.

"ప్రశ్న అర్థం కాకపోవడమేంటి? చూద్దాం," అని మేడమ్ పుస్తకం తెరిచి ఒక లెక్క చూపించింది. దాన్ని మా భాషలో చెప్పాను. పిచ్చుక పెదవులు కదుపుతూ పైకప్పుకేసి చూసి జవాబు చెప్పింది. మేడమ్ ఇంకోటి ఇచ్చింది. అదీ చేసింది. మూడోదానికి మేడమ్ కలం కింద పెట్టేసింది. కోపం మేస్త్రీ మీదికి మళ్ళింది.

"ఇదంతా శనివారమే చెప్పొచ్చు కదా! నోట్లో ఏం పెట్టుకున్నాడో అడుగు."

అడిగాను. నోట్లో ఏం పెట్టుకున్నాడన్నది కూడా వదల్లేదు. ఆయన నా వైపే చూస్తూ, "చెప్పాను," అన్నాడు.

"చెప్పానంటున్నారు మేడమ్." మేడమ్ వైపు తిరిగాను. "నిజంగానే చెప్పారు. నేనే మీకు చెప్పలేదు. మీరు కుదరదన్నారని ఆయనతో అబద్ధం కూడా చెప్పాను."

బడి భాషలో పిచ్చుకకి ఆ మాత్రం అర్థమైంది. నా వైపు తిరిగి చూసి, తల దించేసుకుంది. నేను ఒప్పుకున్న సంగతి వాళ్ళ నాన్న ఇంట్లో తనకి చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు.

మేడమ్ జాబితాలో పేరు కొట్టేసి, పాత చోట మళ్ళీ రాసింది. "అర్ధసంవత్సర పరీక్షల దాకా ఇక్కడే ఉంటుంది. కానీ రోజూ ప్రశ్నలు దాని భాషలో ఎవరైనా చెప్పాలి."

"నేను చెబుతాను," అన్నాను.

పిచ్చుక తల ఎత్తకుండా గొణిగింది.

"ఏమంటోంది?" అంది మేడమ్.

"నువ్వొద్దు అంటోంది మేడమ్," అని చెప్పాను.