ఆకాశం చూసి వచ్చి చెప్పిన మాట

నేను ఒక టెలిఫోన్‌ని. హాట్‌లైన్ అనగానే ఎర్రగా మెరిసిపోతుంటానని అనుకుంటారు. నాది బూడిద రంగు. నంబర్లు తిప్పే చక్రం కూడా లేదు. నేను మాట్లాడగలిగేది ఒక్క చోటికే: సరిహద్దు అవతల, పొరుగు దేశపు రాజధానిలో ఉన్న నాలాంటి మరో ఫోనుకి.

ఫ్యాక్టరీలో నా మరలు బిగించినావిడ నన్ను కొంగుతో తుడిచి, "ఎవరింటికి పోతావో ఏమో" అంది. పోయింది కిటికీలు లేని గదికి.

మా రెండు దేశాల దగ్గరా అణుబాంబులున్నాయి. అందుకని పెద్దలు ఒక ఒప్పందం రాసుకున్నారు. ఎవరు క్షిపణిని పరీక్షించినా, ఉపగ్రహాన్ని పంపినా అవతలివారికి ముందే చెప్పాలి. ఆ కబురు మోయడమే నా పని. ఒకరినొకరు నమ్మనివాళ్లు ఇంత శ్రద్ధగా కబుర్లు చెప్పుకోవడం చూస్తే నాకు ముచ్చటేసేది.

నన్ను చూసుకున్నవాడు శ్రీకాకుళం వైపు మనిషి, ఆపరేటర్ త్రినాథరావు. రోజూ ఉదయం పది గంటలకు లైను బాగుందో లేదో చూడాలి. సొంత సంగతులు మాట్లాడకూడదని రూలు కాబట్టి, అవతలి ఆపరేటర్ రహ్మత్ గారూ ఇతనూ వాతావరణం చెప్పుకునేవారు. కిటికీ లేని గదిలో కూర్చుని ఎండ అన్నా వాన అన్నా అడిగేవాళ్లు లేరు. అయినా త్రినాథరావు మూడంతస్తులు దిగి, ఆకాశం చూసి, ఆయాసపడుతూ ఎక్కి వచ్చేవాడు. ఎప్పుడైనా ఆలస్యమైతే, "ఉండండి రహ్మత్ సాబ్, చూసొస్తాను" అని నా రిసీవర్‌ని బల్లమీద పెట్టి పరుగెత్తేవాడు. వాళ్లు మాట్లాడుకునేది హిందుస్తానీ. మీకోసం తెలుగులో చెబుతున్నాను.

ఒక మాఘమాసంలో, వాతావరణ ఉపగ్రహం మోసుకెళ్లే రాకెట్ గురించి కబురు పంపాల్సి వచ్చింది. అధికారి ఓబుళరెడ్డి గారు రాసిచ్చిన కాగితం త్రినాథరావు చదివాడు. "రేపు ఉదయం పదకొండు గంటలకు." అవతల రహ్మత్ అదే తిరిగి చదివాడు. ఇద్దరూ సంతోషించారు. మన గడియారం వాళ్ల గడియారం కంటే అరగంట ముందుంటుంది. పదకొండు ఎవరి గడియారంలోనో ఓబుళరెడ్డి గారు రాయలేదు, త్రినాథరావు చెప్పలేదు, రహ్మత్ అడగలేదు. నాకు తెలుసు, కానీ నాకు మోయడమే తప్ప మాట్లాడడం రాదు.

మర్నాడు మన పదకొండుకు రాకెట్ లేచింది. వెంటనే నేను మోగాను.

"త్రినాథ్ సాబ్, మీ వైపు నుంచి ఏదో లేచింది. ఇక్కడ ఇంకా పదిన్నరే. మావాళ్లంతా నా చుట్టూ నిలబడి ఉన్నారు. అదేమిటో ఇప్పుడే చెప్పండి."

త్రినాథరావు పక్కనే ఉన్న ఓబుళరెడ్డి గారి వైపు తిరిగాడు. రిసీవర్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి అన్నాడు. "సార్, టైము ఎవరిదో సెప్పనేదు సార్. ఆల్లు క్షిపణి అనుకుంతన్నారు."

"పైనుంచి కాగితం రాకుండా ఒక్క మాట చెప్పగూడదప్పా!"

"కాగితం వచ్చేసరికి ఆల్లు బదులు పంపేత్తే?"

ఓబుళరెడ్డి గారు కాగితం వస్తుందేమోనని తలుపు వైపు చూశారు. ఆ క్షణం నాకు ఇప్పటికీ బరువే. తర్వాత ముందురోజు పంపిన కాగితమే తీసి, రాకెట్ దారి రాసిన వరుస మీద వేలు పెట్టి అతని ముందుకు తోశారు. "ఇది నిన్ననే చెప్పినాం గదా. ఇదే చెప్పు. ఇంకేం చెప్పొద్దు."

కానీ త్రినాథరావు ముందు ఇంకోటి చెప్పాడు. "రహ్మత్ సాబ్, తప్పు నాది. పదకొండంటే మా పదకొండు. అది ఉపగ్రహం రాకెట్టే. ఇంకో మూడు నిమిషాల్లో దక్షిణంగా సముద్రం మీదికి తిరుగుతుంది. చూడండి."

అవతల ఎవరో గద్దించారు. "వీడి మాటకి పూచీ ఏమిటి?"

రహ్మత్ అడ్డుపడ్డాడు. "హుజూర్, ఈయన ఆకాశం చూడకుండా ఎండ కాసిందని కూడా చెప్పడు. మూడు నిమిషాలు ఆగండి."

ఆగారు. రెండు రాజధానుల ఊపిరీ నా తీగలోంచి వెళ్లింది. ఒకరు ఒత్తిడి పట్టలేక దగ్గారు. ఎవరూ ఫోను పెట్టేయలేదు.

"తిరిగింది," అన్నాడు రహ్మత్.

త్రినాథరావు కుర్చీలో కూలబడ్డాడు. ఓబుళరెడ్డి గారు తన మంచినీళ్ల గ్లాసు అతనికిచ్చారు. సాయంత్రం అదే చేత్తో, అనుమతి లేకుండా మాట్లాడినందుకు మెమో కూడా ఇచ్చారు. మనుషుల పద్ధతులు అంతే. అయితే దాని వెనకే మరో ఉత్తర్వు వచ్చింది: ఇకపై ప్రతి కబురులోనూ రెండు టైములూ ఉండాలి. త్రినాథరావు చీటీ మీద "మనకు 11.00, వారికి 10.30" అని రాసి నా వీపున అంటించాడు.

ఇప్పుడు నేను ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. నా పనికి కొత్త యంత్రాలొచ్చాయి. నా కింద పలక మీద మహానాయకుల దూరదృష్టి గురించి రాశారు. దానికీ నేను కృతజ్ఞురాలినే. నాయకులు ఒప్పందం రాసి ఉండకపోతే ఆ గది ఉండేది కాదు. కానీ మూడంతస్తుల మెట్ల గురించి ఆ పలక మీద ఏమీ లేదు.

మొన్న ఒక నెరిసిన జుట్టాయన వచ్చి, పెట్టె వెనకవైపుకి వెళ్లి నా వీపున చీటీ ఉందో లేదో చూసుకున్నాడు. తర్వాత గడియారం చూశాడు. పది కావస్తోంది. గబగబా బయటికి వెళ్లాడు. కాసేపటికి ఆయాసపడుతూ తిరిగొచ్చి, అద్దానికి నోరు దగ్గర పెట్టి, "ఇక్కడ ఎండగా ఉంది, రహ్మత్ సాబ్," అన్నాడు.

నా తీగ ఎప్పుడో కోసేశారు. అయినా ఆ మాట భద్రంగా దాచుకున్నాను.